రచ్చ గెలవాలంటే నాకౌటే కొట్టాలా?

పెద్ద బాక్సింగ్ పోరు ఖరారైన ప్రతిసారీ ‘ఎవరితో’ కన్నా ముందు ‘ఎక్కడ’ అన్న చర్చే మొదలవుతుంది. సొంతగడ్డ మీద దిగేవాడికి అంత బలం ఎక్కణ్నుంచి వస్తుంది? అది అతని పిడికిలిలో ఉందా, రింగ్ పక్కన కూర్చున్న జడ్జి పెన్సిల్లో ఉందా?

2017 జులై 2, ఆదివారం మిట్టమధ్యాహ్నం. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో సన్‌కార్ప్ స్టేడియం. మామూలు రోజుల్లో రగ్బీ ఆడే పచ్చిక నడుమ రింగ్ వేశారు. చుట్టూ 51,052 మంది జనం. తొమ్మిదో రౌండ్ నడుస్తోంది. అంతకుముందు రౌండ్లలో తలలు ఢీకొని మానీ పకియావ్ నెత్తి చిట్లింది, అయినా అతను ఎదుటివాణ్ని ఎడాపెడా వాయిస్తున్నాడు. ఆ దెబ్బలు తింటున్న జెఫ్ హార్న్ అదే నగరంలో బడిపిల్లలకు పాఠాలు చెప్పిన మాస్టారు. కన్ను వాచిపోయింది, కాళ్లు తడబడుతున్నాయి. గంట మోగగానే రెఫరీ మార్క్ నెల్సన్ నేరుగా హార్న్ కార్నర్‌కు వెళ్లి, వచ్చే రౌండ్లో సత్తా చూపించకపోతే పోరు ఆపేస్తానని హెచ్చరించాడు. హార్న్ పళ్ల బిగువున ఆ రౌండూ, ఆపై రెండూ దాటేశాడు. స్కోర్‌కార్డులు చదివారు. ఇద్దరు జడ్జీలు 115-113, మూడో జడ్జి 117-111. ముగ్గురూ గెలిపించింది హార్న్‌నే. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యుబాక్స్ సంస్థ చూపిన అంకెలు వేరు: సూటిగా తగిలిన దెబ్బల్లో పకియావ్‌వి 182, హార్న్‌వి 92.

పకియావ్ దేశం ఫిలిప్పీన్స్ భగ్గుమంది. ఆ దేశ క్రీడా నియంత్రణ మండలి అడిగితే, బెల్ట్ ఇచ్చిన డబ్ల్యూబీవో మరో ఐదుగురు జడ్జీలతో పోరును మళ్లీ లెక్క కట్టించింది. వాళ్లూ హార్న్‌కు 7 రౌండ్లు, పకియావ్‌కు 5 ఇచ్చి ఫలితాన్ని సమర్థించారు. కాబట్టి ఇది పట్టపగలు దోపిడీ అని తేల్చి చెప్పడం న్యాయం కాదు. రౌండ్ రౌండ్‌గా ఇచ్చే మార్కుల్లో మొత్తం పంచ్‌ల లెక్క చెల్లదు. ఒక రౌండ్లో 40 దెబ్బలు కొట్టి మూడింట్లో తక్కువ కొడితే ఆ మూడూ పోయినట్టే. కానీ 12 రౌండ్లలో 9 హార్న్‌వేనని చెప్పిన 117-111 కార్డును మాత్రం ఆ పునఃపరిశీలన కూడా బలపరచలేకపోయింది. ఫలితం సరైనదే అయినా తేడా అంత పెద్దదిగా ఆ ఒక్క కంటికి ఎందుకు కనిపించింది? ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో సొంతగడ్డ గురించి అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే.

అంకెలు చెప్పే మెట్లు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. బాక్సింగ్‌లో ఇంట గెలవడం తేలికని అందరికీ తెలుసు. ఎందుకు తేలికో మాత్రం తలా ఒక మాట చెబుతారు. బ్రిటన్ పరిశోధకులు బామర్, నెవిల్, లేన్ 2005లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్ పోరాటాల చరిత్రను తవ్వి ఒక లెక్క తేల్చారు. ఇద్దరి సత్తా సమానమే అనుకుంటే, పోరు నాకౌట్‌తో ముగిసినప్పుడు స్థానికుడు గెలిచే అవకాశం వందకు 57. రెఫరీ మధ్యలో ఆపేస్తే, అంటే టెక్నికల్ నాకౌట్ అయితే 66. చివరిదాకా సాగి జడ్జీల పాయింట్ల మీద తేలితే 74. ఈ మూడు అంకెల్నీ మెట్లలా చూడాలి. నాకౌట్‌లో మనిషి తీర్పు దాదాపు ఉండదు. పడ్డవాడు పది లెక్కపెట్టే లోపు లేవకపోతే అంతే. రెఫరీ ఆపడంలో ఒక మనిషి విచక్షణ ఉంటుంది: ఇంకో రెండు దెబ్బలు తిననిద్దామా, ఇప్పుడే ఆపేద్దామా అన్నది అతని ఇష్టం. పాయింట్లలో మొత్తం తీర్పే. మనిషి నిర్ణయం పాలు పెరిగేకొద్దీ స్థానికుడి వాటా పెరుగుతోంది. సొంతగడ్డ బలంలో కొంత పిడికిలిలో ఉన్నమాట నిజమే, 57 అంటే సగానికి పైనే కదా. కానీ అక్కణ్నుంచి 74 దాకా ఉన్న పెరుగుదల రింగ్ లోపల పుట్టింది కాదు, రింగ్ అంచున వేసిన కుర్చీల్లో పుట్టింది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. స్థానికులు ఎక్కువ గెలవడంలో వింతేముంది, ప్రమోటర్లు ఓడిపోయేవాళ్లనే ఏరి కోరి తెస్తారు కదా అని. నిజమే, తెస్తారు. అలా తెచ్చిన బలహీనుల మీద స్థానికుడి విజయాలు నాకౌట్లలోనే పోగుపడాలి. పన్నెండు రౌండ్లూ నిలబడేది ఎక్కువగా సమ ఉజ్జీలే. కాబట్టి పాయింట్ల దాకా వెళ్లిన పోరాటాల్లో స్థానికుడి ఆధిక్యం తగ్గాలి. అక్కడే పెరిగింది! పైగా పరిశోధకులు బాక్సర్ల సత్తా తేడాను లెక్కలోంచి తీసేశాకే ఈ అంకెలు చెప్పారు. రెండో అభ్యంతరం అభిమానులది: జనం కేకలతో స్థానికుడికి ఒంట్లో కొత్త శక్తి వస్తుందని. వస్తే రానివ్వండి. ఆ శక్తితో కొట్టిన దెబ్బ ఎదుటివాణ్ని పడగొట్టాలి, అప్పుడు 57 అన్న అంకే 70 దాటాలి. దాటలేదు. జనం అరుపు బాక్సర్ కండల కంటే జడ్జి చెవుల మీదే ఎక్కువ పనిచేస్తోందన్న అనుమానానికి ఇక్కడే బలం.

> జడ్జి ఏం చూస్తాడు?
> ప్రపంచ టైటిల్ పోరులో ముగ్గురు జడ్జీలు రింగ్‌కు మూడు వైపులా కూర్చుంటారు. ప్రతి రౌండ్‌కూ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 మార్కులు. ఒకసారి కింద పడితే సాధారణంగా 8. కొలమానాలు నాలుగు: సూటిగా తగిలిన దెబ్బ, ఫలితమిచ్చే దూకుడు, రింగ్‌ను తన చెప్పుచేతల్లో ఉంచుకునే నేర్పు, ఆత్మరక్షణ. మొదటిది కంటితో చూసేది. మిగతా మూడూ చాలావరకు అభిప్రాయాలే. మూడు నిమిషాల రౌండ్ ముగిసిన కొద్ది సెకన్లలో అంకె రాసి చీటీ ఇచ్చేయాలి. తర్వాత దిద్దుకోవడానికి వీల్లేదు.

అమ్ముడుపోవడం అక్కర్లేదు, వింటే చాలు

ఇలాంటి మాట ఎత్తగానే చాలామంది ‘జడ్జీలు అమ్ముడుపోయారు’ అంటారు. లేకపోతే ‘తమ దేశం వాడికే వేశారు’ అంటారు. బ్రిస్బేన్ ఈ రెండో మాటకు అడ్డం తిరుగుతుంది. ఆరోజు ముగ్గురు జడ్జీల్లో ఆస్ట్రేలియన్ ఒక్కరూ లేరు. ఇద్దరు అమెరికా వాళ్లు, ఒకరు అర్జెంటీనా మనిషి. అంతకన్నా పాత ఉదాహరణ చూడండి. 1999 మార్చి 13న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బ్రిటన్‌కు చెందిన లెనాక్స్ లూయిస్, అమెరికాకు చెందిన ఇవాండర్ హోలీఫీల్డ్ తలపడ్డారు. లూయిస్ కొట్టిన దెబ్బలు 348, హోలీఫీల్డ్‌వి 130. దక్షిణాఫ్రికా జడ్జి లూయిస్‌కు వేశారు. అమెరికా జడ్జి యూజీనియా విలియమ్స్ 115-113తో హోలీఫీల్డ్‌కు ఇచ్చారు. లూయిస్ ఏకపక్షంగా బాదిన ఐదో రౌండ్ కూడా ఆమె కార్డులో హోలీఫీల్డ్‌దే. మూడో జడ్జి లూయిస్ దేశస్థుడే, ఆయనేమో 115-115 అని రాశారు. పోరు డ్రా! దేశాభిమానమే కారణమైతే బ్రిటన్ జడ్జి అలా ఎందుకు రాస్తారు? ఎనిమిది నెలల తర్వాత లాస్ వేగస్‌లో మళ్లీ తలపడితే ముగ్గురూ ఒకే మాటగా లూయిస్‌ను గెలిపించారు.

లంచమూ కాక, దేశమూ కాక మరేమిటి? చప్పుడు. ఫుట్‌బాల్ రెఫరీల మీద నెవిల్, బామర్, విలియమ్స్ 2002లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధం. అర్హత ఉన్న 40 మంది రెఫరీలకు ఒకే మ్యాచ్‌లోని 47 సంఘటనల వీడియో చూపించారు. కొందరికి జనం గోలతో, మిగతావాళ్లకు నిశ్శబ్దంగా. గోల విన్నవాళ్లు స్థానిక జట్టుకు వ్యతిరేకంగా ఇచ్చిన ఫౌళ్లు 15.5 శాతం తగ్గాయి. ఆ రెఫరీలకు ఎవరూ పైసా ఇవ్వలేదు, వాళ్ల మీద ఎవరూ సీసాలు విసరలేదు. గోల వింటే చాలింది. థాయ్ బాక్సింగ్ జడ్జీలతో ఇలాగే చేసిన ప్రయోగంలోనూ చెవులు మూసుకున్నవాళ్ల కంటే తెరుచుకున్నవాళ్లే స్థానికుడికి ఎక్కువ మార్కులేశారు. బాక్సింగ్ జడ్జి పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. ఇద్దరు మనుషులు ఒకరినొకరు కమ్మేసుకుని కొట్టుకుంటుంటే ఆయన కూర్చున్న వైపు నుంచి కొన్నిసార్లు వీపే కనిపిస్తుంది. దెబ్బ తగిలిందా, గ్లవ్ మీద ఆగిందా అన్నది తెలియదు. ఆ క్షణంలో యాభై వేల గొంతులు ‘తగిలింది’ అని అరుస్తాయి. స్థానికుడి దెబ్బ గాలిలో పోయినా అరుస్తాయి, వచ్చినవాడి దెబ్బ దవడ పగలగొట్టినా మూగబోతాయి. కన్ను వదిలేసిన చోటును చెవి పూరిస్తుంది.

అసలు ‘ఇల్లు’ ఎవరిది?

సొంతగడ్డ అంటే సొంత దేశమే అనుకుంటే 1993 సెప్టెంబరు 10న జరిగింది అర్థం కాదు. అమెరికా బాక్సర్ పర్నెల్ విటేకర్ ఆరోజు తలపడింది అమెరికాలోనే, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో. ఎదుటివాడు మెక్సికో ఆరాధ్యుడు హూలియో సీసర్ చావెజ్. ఆ ఊరి జనాభాలో మెక్సికన్ మూలాలున్నవాళ్లే ఎక్కువ. అలమోడోమ్ నిండా చావెజ్ పేరే. విటేకర్ ఆ రాత్రి చావెజ్‌కు చిక్కకుండా తిరుగుతూ పోరును తన చేతిలో ఉంచుకున్నాడని చూసినవాళ్లలో అత్యధికులు అన్నారు. కార్డుల్లో ఒకటి విటేకర్‌కు 115-113, మిగతా రెండూ 115-115. డ్రా. అప్పటివరకు ఓటమి ఎరుగని చావెజ్ రికార్డు అలాగే నిలిచింది. పాస్‌పోర్టు ప్రకారం విటేకర్ ఇంట్లోనే ఉన్నాడు, లెక్క ప్రకారం పరాయివాడు. ఎందుకంటే బాక్సింగ్‌లో ఇంటిని కట్టేది టికెట్లు కొనిపించే పేరు. దానికే ఈ వ్యాపారంలో ‘ఎ-సైడ్’ అని పేరు పెట్టుకున్నారు.

ఇంటిని ఎలా కడతారో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఛాంపియన్, ఛాలెంజర్ వర్గాలకు ఒప్పందం కుదరకపోతే బెల్ట్ ఇచ్చే సంస్థ వేలంపాట పెడుతుంది. దీన్ని పర్స్ బిడ్ అంటారు. ఎక్కువ పాడిన ప్రమోటర్‌దే పోరు. ఎక్కడ, ఎప్పుడు, ఏ టీవీలో అన్నది అతనే నిర్ణయిస్తాడు. జడ్జీలను సంస్థో స్థానిక కమిషనో నియమించినా, వాళ్ల ఫీజు, విమానం, హోటల్ ఖర్చులు సాధారణంగా భరించేది ఆ ప్రమోటరే. పాడినవాడి పెట్టుబడికి తన బాక్సర్ గెలిస్తేనే ఎక్కువ లాభం. ఇక ఒప్పందంలోకి పోతే రింగ్ కొలతలు కూడా బేరమే. 1987 ఏప్రిల్ 6న మార్విన్ హేగ్లర్‌తో తలపడే ముందు షుగర్ రే లెనార్డ్ డబ్బులో ఎక్కువ వాటాను హేగ్లర్‌కు వదిలేశాడు. బదులుగా తిరగడానికి వీలుగా పెద్ద రింగ్, పెద్ద గ్లవ్స్, పదిహేనుకు బదులు పన్నెండు రౌండ్లు అడిగి తీసుకున్నాడు. క్రికెట్‌లో ఆతిథ్య జట్టు తనకు పనికొచ్చే పిచ్ చేయించుకున్నట్టే ఇది. లాస్ వేగస్ ఇద్దరికీ పరాయిదే. ఒప్పంద పత్రంలో మాత్రం లెనార్డ్ ఇల్లు కట్టేసుకున్నాడు. పోరు స్ప్లిట్ డెసిషన్‌లో అతనికే దక్కింది. ముగ్గురిలో ఒక జడ్జి హేగ్లర్‌కు కేవలం రెండు రౌండ్లే ఇచ్చి 118-110 అని రాశాడు.

గడియారం కూడా ఇంటివాడి చేతిలోనే. బ్రిస్బేన్‌లో పోరు మధ్యాహ్నం పెట్టింది అమెరికా టీవీకి శనివారం రాత్రి కావాలని. మహమ్మద్ అలీ, జార్జ్ ఫోర్‌మన్ 1974లో కిన్‌షాసాలో తెల్లవారుజామున నాలుగింటికి తలపడిందీ అందుకే. 2005 జూన్‌లో కోస్త్యా జూ తన బెల్ట్‌తో మాంచెస్టర్ వెళ్లి రికీ హాటన్‌ను ఎదుర్కొన్నది అర్ధరాత్రి దాటి రెండు గంటలకు, ఇరవై వేలమంది హాటన్ పాట పాడుతుండగా. పదకొండు రౌండ్లు కొట్టుకుని జూ స్టూల్ మీద కూలబడ్డాడు. పన్నెండో రౌండ్‌కు అతని కార్నరే పంపలేదు. ఇక్కడ జడ్జీల పని లేకుండానే స్థానికుడు గెలిచాడు. అలాంటి గెలుపు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, ఉండనక్కర్లేదు.

> 300 బౌట్లు, 256 ఓటములు
> బ్రిటన్ చిన్న హాళ్లలో ‘హోమ్ కార్నర్’ కుర్రాడు తన బౌట్‌కు టికెట్లు తనే బంధుమిత్రులకు అమ్ముకుంటాడు. ‘అవే కార్నర్’ మనిషి టికెట్లు అమ్మడు, వచ్చి దెబ్బలాడి కూలి తీసుకుని పోతాడు. బర్మింగ్‌హామ్‌కు చెందిన పీటర్ బక్లీ ఈ పనిలో చరిత్రకెక్కాడు. 2008లో రిటైరయ్యే నాటికి 300 బౌట్లు: 32 గెలుపులు, 256 ఓటములు, 12 డ్రాలు. అక్కడి చిన్న పోరాటాల్లో స్కోరు రాసేది రెఫరీ ఒక్కడే. ఇలాంటి వాళ్లకు గెలుపు కంటే ముఖ్యం నాకౌట్ కాకుండా ఉండటం. నాకౌట్ అయితే వైద్య కారణాలతో కొన్ని వారాలు నిషేధం, ఆ వారాల కూలి పోతుంది. బక్లీ తన 300వ బౌట్ గెలిచి రింగ్ దిగాడు.

నష్టం ఎంత దాకా పోతుంది?

ఒక్క తప్పు కార్డుతో పోయేది ఒక రాత్రి గెలుపేనా? జాక్ కాటరాల్ సంగతి చూడండి. ఇంగ్లండ్‌లోని చోర్లీ ఊరి కుర్రాడు. జోష్ టేలర్‌తో టైటిల్ పోరుకు హక్కు ఉండి కూడా, టేలర్ నాలుగు ప్రపంచ బెల్టులూ కలిపే పోరు ముందు జరిగేందుకు వీలుగా పక్కకు తప్పుకుని ఎదురుచూశాడు. 2022 ఫిబ్రవరి 26న అతని వంతు వచ్చింది. వేదిక టేలర్ సొంతగడ్డ స్కాట్లండ్‌లోని గ్లాస్గో. ఎనిమిదో రౌండ్లో కాటరాల్ టేలర్‌ను కింద పడేశాడు. అయినా కార్డులు 113-112, 114-111 టేలర్‌కు, ఒకటి మాత్రం 113-112 కాటరాల్‌కు. గోల ఎంత పెద్దదైందంటే బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు విచారణ జరిపి, 114-111 రాసిన జడ్జి స్థాయిని ఒక మెట్టు తగ్గించింది. జడ్జికి మెట్టు తగ్గింది, ఫలితం మాత్రం మారలేదు. ఆ నాలుగు బెల్టులూ తర్వాత చెల్లాచెదురైపోయాయి. 2024 మేలో లీడ్స్‌లో కాటరాల్ టేలర్‌ను ఏకగ్రీవంగా ఓడించాడు. అప్పటికి పందెంలో ఒక్క ప్రపంచ బెల్టూ లేదు. బాక్సర్ ఒళ్లు ఏడాదికి రెండు మూడు పెద్ద పోరాటాలకు మించి తట్టుకోదు. రెండేళ్లు పోవడమంటే కెరీర్లో పెద్ద ముక్క పోవడం. ఛాంపియన్ అన్న పేరు చేతికొస్తే తర్వాతి బేరంలో తానే ఇంటివాడు అయ్యేవాడు. అది పోవడంతో మళ్లీ ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చింది.

ఈ రోగం కొత్తదేం కాదు. 1860 ఏప్రిల్ 17న ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో స్థానికుడు టామ్ సేయర్స్, అమెరికా నుంచి వచ్చిన జాన్ హీనన్ ఉత్త చేతులతో రెండు గంటలకు పైగా కొట్టుకున్నారు. చివరికి జనం తాళ్లు దాటి రింగ్‌లోకి చొచ్చుకొచ్చారు. పోరు గందరగోళంగా ముగిసి డ్రా అన్నారు. ఇద్దరికీ చెరో బెల్ట్ ఇచ్చి సర్ది చెప్పారు. నూట అరవై ఏళ్లలో మారింది ఒక్కటే: జనం ఇప్పుడు తాళ్లు దాటక్కర్లేదు, వాళ్ల గొంతులు దాటితే చాలు.

రచ్చ గెలిచినవాళ్లు చెప్పేదేమిటి?

ఇన్ని చెప్పాక ఎవరైనా అడుగుతారు: మరి ఒలెక్సాండర్ ఉసిక్ సంగతి? న్యాయమైన ప్రశ్న. ఈ ఉక్రెయిన్ బాక్సర్ తన మొదటి ప్రపంచ బెల్ట్‌ను 2016లో పోలండ్‌లో, పోలండ్ బాక్సర్ నుంచే లాక్కున్నాడు. బెర్లిన్‌లో మార్కో హుక్‌ను, రీగాలో లాత్వియా వీరుడు బ్రియెడిస్‌ను, 2018 జులైలో మాస్కోలో గాసియెవ్‌ను, మాంచెస్టర్‌లో టోనీ బెల్యూను వరసగా ఓడించాడు. 2021 సెప్టెంబరులో లండన్ టాటెన్‌హామ్ స్టేడియంలో ఆంథొనీ జాషువాను, 2025 జులైలో వెంబ్లీలో డేనియల్ డుబోయిస్‌ను ఓడించాడు. క్రిమియా విషయంలో రెండు దేశాలూ కత్తులు నూరుకుంటున్న కాలంలో మాస్కోలో జడ్జీలు ఉక్రెయిన్ వాడికి 120-108, 119-109, 119-109 ఇచ్చారు. జనం గోల జడ్జీలను లొంగదీస్తుందన్న వాదన ఇక్కడ కూలిపోయినట్టేనా?

కార్డుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే కూలకపోగా ఇంకా గట్టిపడుతుంది. మాస్కోలో పన్నెండు రౌండ్లూ ఉసిక్‌వే అన్నంత స్పష్టంగా సాగాయి. అనుమానానికి చోటు లేని రౌండ్లో చెవికి పని లేదు. రీగాలో పోరు హోరాహోరీగా సాగింది, అక్కడ ఒక జడ్జి డ్రా ఇచ్చాడు. లండన్‌లో చివరి రౌండ్లో జాషువా దాదాపు కూలిపోయే స్థితికి వచ్చాడు. అయినా మూడు కార్డుల్లో ఒకటి 115-113 అనే చెప్పింది. సొంతగడ్డ బలం ప్రతి రౌండ్‌నూ తినెయ్యదు, సందేహం ఉన్న రౌండ్లనే తింటుంది. పన్నెండింట్లో మూడు నాలుగు అలాంటివి ఉంటే పోరు తలకిందులవడానికి అవే చాలు. ఉసిక్ గొప్పతనం ఆ సందేహానికి తావివ్వకపోవడంలో ఉంది. 1980లో హేగ్లర్ వెంబ్లీకి వెళ్లి ఆలన్ మింటర్‌ను మూడో రౌండ్లోనే చీల్చి చెండాడి, సీసాలు వర్షంలా పడుతుంటే తల కాచుకుంటూ బయటపడింది కూడా అందుకే. అంతకు ముందటి ఏడాది టైటిల్ పోరులో అతనికి గెలుపు బదులు డ్రా ఇచ్చి పంపారు. ఉసిక్ లాంటి ఒక మేధావి గెలిచాడని అందరూ గెలవొచ్చనడం, కాళ్లకు బరువు కట్టుకుని పరుగెత్తి గెలిచినవాణ్ని చూపించి బరువే లేదనడంతో సమానం.

> పరాయి ఊరిని ఇల్లు చేసుకున్నవాడు
> 2001 ఏప్రిల్ 22. దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ దగ్గర బ్రాక్‌పాన్. లెనాక్స్ లూయిస్, హసీమ్ రహ్మాన్ ఇద్దరికీ అది పరాయి గడ్డే. సముద్రమట్టానికి 1,600 మీటర్ల పైన ఉన్న ఊరు, గాలి పలచన. రహ్మాన్ వారాల ముందే వచ్చి ఆ గాలికి అలవాటుపడ్డాడు. ‘ఓషన్స్ ఎలెవన్’ సినిమాలో చిన్న పాత్ర వేస్తూ లూయిస్ ఆలస్యంగా చేరుకున్నాడు. ఐదో రౌండ్లో ఒక్క కుడిచేతి దెబ్బకు ప్రపంచ ఛాంపియన్ నేలకూలాడు. అదే ఏడాది నవంబరులో లాస్ వేగస్‌లో లూయిస్ బదులు తీర్చుకున్నాడు.

మన గడ్డ మీద

మన దగ్గర ప్రొఫెషనల్ బాక్సింగ్ ఇంకా లేత మొక్కే అయినా ఈ పాఠానికి ఉదాహరణలు దొరుకుతాయి. విజేందర్ సింగ్ 2015లో మాంచెస్టర్‌లో ప్రొఫెషనల్‌గా మొదలుపెట్టి, 2016 జులైలో ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో కెర్రీ హోప్‌ను 98-92, 98-92, 100-90తో ఓడించి ఆసియా పసిఫిక్ బెల్ట్ కట్టుకున్నాడు. పదిరౌండ్ల పోరులో ఎదుటివాడికి ఒక్క రౌండూ ఇవ్వని కార్డు అందులో ఒకటి. పన్నెండు వరస గెలుపుల తర్వాత 2021 మార్చిలో గోవాలో, కాసినో ఓడ డెక్ మీద, రష్యాకు చెందిన ఆర్తిష్ లోప్సాన్ చేతిలో ఐదో రౌండ్లో ఓడాడు. తొలి ఓటమి సొంత దేశంలోనే ఎదురైంది, అదీ పాయింట్ల దాకా పోకుండా. స్థానబలం ఆపలేనిది అదొక్కటే.

అమెచ్యూర్ పోటీల్లో మనకు గర్వకారణమైన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 5-0తో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ పోటీల్లో భారత్‌కు అదొక్కటే స్వర్ణం. మరుసటి ఏడాది పోటీలు ఢిల్లీలో జరిగితే స్వర్ణాలు నాలుగు. ఇది చూసి సొంతగడ్డ మహిమ అనేయొచ్చు, కానీ తొందరపడకూడదు. రష్యాను ఆడనిచ్చినందుకు అమెరికా, బ్రిటన్, ఐర్లండ్ లాంటి దేశాలు ఢిల్లీ రాలేదు. పోటీ పలచబడింది. మనకు లాభం కలిగినప్పుడు కూడా లెక్క ఇలాగే చూడాలి, లేకపోతే పకియావ్ గురించి మాట్లాడే హక్కు మనకుండదు. నిఖత్ ఘనత ఏమిటంటే రెండుచోట్లా గెలిచింది. రచ్చ ముందు గెలిచి, ఆ తర్వాత ఇంట గెలిచింది.

రియాద్‌కు తీసుకుపోతే సరిపోతుందా?

ఇటీవల ఎక్కువగా వినిపిస్తున్న పరిష్కారం తటస్థ వేదిక. సౌదీ డబ్బుతో రియాద్ బాక్సింగ్ రాజధానిలా మారింది. 2024 మేలో టైసన్ ఫ్యూరీని ఉసిక్ ఓడించి తిరుగులేని హెవీవెయిట్ ఛాంపియన్ అయింది అక్కడే. ఎవరి జనమూ లేని హాల్లో కనీసం చప్పుడు సమస్య తగ్గుతుందన్నది నిజం. అయితే చరిత్ర వేరే హెచ్చరిక చేస్తోంది. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో, ఎవరికీ సొంతం కాని గడ్డ మీద, బస్టర్ డగ్లస్ మైక్ టైసన్‌ను పదో రౌండ్లో నాకౌట్ చేశాడు. ప్రమోటర్ డాన్ కింగ్ వెంటనే రంగంలోకి దిగాడు. ఎనిమిదో రౌండ్లో డగ్లస్ పడ్డప్పుడు రెఫరీ నెమ్మదిగా లెక్కపెట్టాడని గొడవ పెట్టాడు. బెల్టులిచ్చే సంస్థలు డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ ఫలితాన్ని కొన్ని రోజులు పక్కన పెట్టాయి. లోకమంతా నవ్వితే గానీ వెనక్కి తగ్గలేదు. తటస్థ నగరంలో, నాకౌట్ తర్వాత కూడా, డబ్బు ఎటువైపుంటే ‘ఇల్లు’ అటే జరగాలని చూసింది. ఊరు మార్చినంత మాత్రాన ఆ లాగుడు పోదు. పైగా బ్రిస్బేన్, గ్లాస్గో లాంటి చోట్ల సామాన్యులు తమవాణ్ని కళ్లారా చూసుకునే పండగను చంపేయడం ఆటకు మేలు కాదు. జనం అరవాలి. అది వాళ్ల హక్కు. ఆ అరుపు చీటీ మీదికి ఎక్కకుండా చూడటమే అధికారుల పని.

అది సాధ్యమే. అమెరికాలో 2000లో వచ్చిన మహమ్మద్ అలీ బాక్సింగ్ సంస్కరణ చట్టం, జడ్జీలు తమకు ఎవరి నుంచి ఏమేం ముట్టిందో కమిషన్‌కు రాసిచ్చాకే ఫీజు తీసుకోవాలంది. ఇంకో అడుగు వేసి, ప్రమోటర్ నుంచి జడ్జికి ఒక్క రూపాయి కూడా నేరుగా వెళ్లకుండా, ప్రతి పోరు నుంచి ముందే వసూలు చేసిన ఉమ్మడి నిధి నుంచి ఇవ్వొచ్చు. జాబితాలోంచి చీటీ తీసి జడ్జీలను నియమించొచ్చు. ఒక జడ్జిని చప్పుడు వినపడని గదిలో, అన్ని కోణాలూ చూపే తెరల ముందు కూర్చోబెట్టొచ్చు. డబ్ల్యూబీసీ కొన్నిచోట్ల నాలుగు, ఎనిమిది రౌండ్ల తర్వాత స్కోరు బయటపెట్టే పద్ధతి వాడుతోంది. ఆధిక్యంలో ఉన్నవాడు చివర్లో తప్పించుకు తిరుగుతాడని, జనం జడ్జీల మీద మధ్యలోనే విరుచుకుపడతారని దానిపై విమర్శ. రెండూ నిజమైన ఇబ్బందులే. వెనకబడ్డానని తెలియక తన ఆటను అలాగే సాగించి మోసపోయే బాక్సర్ ఇబ్బంది ఇంకా పెద్దది. వీటన్నిటికీ ఖర్చు అవుతుందని, చిన్న పోరాటాలకు భారమని ప్రమోటర్లు అంటారు. కనీసం ప్రపంచ టైటిళ్లకైనా, కోట్ల డాలర్లు చేతులు మారే చోట, ఈ సాకు చెల్లదు.

ఈ మార్పులు న్యాయం కోసమే అయితే బాక్సింగ్ ఇంకో వందేళ్లు వాయిదా వేయగలదు. కానీ దీనికి ఒంటితో చెల్లించే మూల్యం ఉంది. పరాయి గడ్డ మీద దిగే ప్రతి బాక్సర్‌కూ కార్నర్ నుంచి వినిపించే సలహా ఒకటే: పాయింట్ల మీద ఆశ పెట్టుకోకు, పడగొట్టు. తెలివిగా తప్పించుకుంటూ, జాబ్‌తో దూరంగా ఉంచుతూ గెలవగలిగినవాడు కూడా ఆ మాట విని దగ్గరకు పోతాడు. ఒక దెబ్బ కొట్టడానికి రెండు తింటాడు. ఆ దెబ్బలన్నీ పోయి పడేది తలలో. రిటైరయ్యాక మాట తడబడే, చేతులు వణికే మాజీ బాక్సర్ల కథలు ఈ ఆటలో కొత్తవి కావు. రచ్చ గెలవాలంటే నాకౌటే కొట్టాలని బాక్సర్లు నమ్మినంతకాలం, తప్పుడు స్కోర్‌కార్డు ధర బెల్ట్‌తో ఆగదు. అంచేత జడ్జీల నియామకాన్ని, ఫీజునూ ప్రమోటర్ చేతిలోంచి తప్పించడం గ్లవ్స్ బరువును, రౌండ్ల సంఖ్యను నియంత్రించినట్టే బాక్సర్ల భద్రతా నిబంధనల్లో మొదటి వరసలో ఉండాలి.